వాయిదా తప్పింది ఒకరు, కట్టాల్సింది ఎవరు?

ముద్దాయి వాయిదాకు రాకపోతే జామీను బాండును కోర్టు ఎప్పుడు జప్తు చేయవచ్చు? ఒక్కసారి తప్పితే చాలా, పారిపోయాడని తేలాలా? మొత్తం సొమ్మూ కట్టాలా, కొంతతో సరిపోతుందా? ఈ ప్రశ్నల మీద చీరాలలో ఇద్దరు వాదించుకుంటే ఎలా ఉంటుందో ఈ సంవాదం. ఒకరు క్రిమినల్ కేసులు చూసే ప్లీడరు. ఇంకొకరు బెంచి క్లర్కుగా చేరి సిరస్తాదారుగా రిటైరై పేరాలలో ఉంటున్న పెద్దాయన. ప్లీడరు తండ్రికి స్నేహితుడు కాబట్టి ఆమెకు బాబాయ్. మనుషులూ వాళ్ల చేతిలోని కేసూ కల్పితం. చట్టం, తీర్పులు మాత్రం ఉన్నవే.

ప్లీడరు: ఈ నోటీసు చూడండి బాబాయ్. జాండ్రపేట నేత మనిషి, మేనల్లుడికి జామీను నిలబడ్డాడు. కొట్లాట కేసు. ఆ కుర్రాడు హైదరాబాదు పనికి పోయి రెండు వాయిదాలు తప్పాడు. రూ.20,000 ఎందుకు కట్టకూడదో చెప్పమని ఇప్పుడు మావయ్యకు నోటీసు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది.

సిరస్తాదారు: మంగలం మీద ఊరికే పడలేదమ్మా. ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఏముంది? ప్రతి వాయిదాకు ముద్దాయి హాజరవుతాడని, తప్పితే ఫలానా మొత్తం ప్రభుత్వానికి జప్తు కావడానికి ఒప్పుకుంటున్నానని. అది చదివే కదా సంతకం వేసింది!

ప్లీడరు: చదివే వేశాడంటారా? ఆ రోజు ఏం జరుగుతుందో మీకు తెలియదా? ఇంటి పన్ను రసీదు, వాల్యుయేషన్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు పట్టుకుని పొద్దున్నుంచి వరండాలో నిలబడతాడు. గుమాస్తా చూపించిన చోట సంతకం పెడతాడు. సాయంత్రం బోనెక్కుతాడు. కుర్రాడు బయటికొస్తే చాలన్న ధ్యాస తప్ప ఇంకేం ఉంటుంది?

సిరస్తాదారు: బోనెక్కినప్పుడు జడ్జి గారు అడిగేది మాత్రం చెప్పవేం? ముద్దాయి నీకేమవుతాడు, ఇంకెన్ని కేసుల్లో జామీను ఉన్నావు, వాడు రాకపోతే డబ్బు నువ్వు కట్టాలి, తెలుసా? మూడోదానికి తెలుసని తలూపని వాణ్ణి నేను చూడలేదు. తలూపిన మాటకు విలువ లేకపోతే కోర్టు ఇంకెవర్ని నమ్మి మనిషిని బయటికి పంపుతుంది?

ప్లీడరు: మాటకు విలువ లేదని నేననడం లేదు. ఆ మాట తప్పినట్టు ఎప్పుడు అవుతుందన్నదే నా ప్రశ్న. సిఆర్‌పిసి 446 సెక్షను, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 491, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. బాండు జప్తు అయిందని కోర్టుకు రుజువు కావాలి. ఆ రుజువుకు ఆధారాలేమిటో కోర్టు రాసిపెట్టాలి. ఆ తర్వాతే, సొమ్ము కట్టు లేదా ఎందుకు కట్టకూడదో చెప్పు అని పిలవవచ్చు. ఇది మూడు మెట్ల వ్యవహారం. మన కాగితం మీద మూడూ ఒకే వాక్యంలో అయిపోయాయి. పిలిచాం, రాలేదు, వారంటు, జామీనుదారుకు నోటీసు.

సిరస్తాదారు: ఆ ఒక్క వాక్యం వెనక ఎంత జరుగుతుందో బల్లకు అటువైపు కూర్చున్న నీకు కనపడదు. పదిన్నరకు కాల్ వర్కు మొదలు. దఫేదారు వరండాలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకకపోతే ఫైలు పక్కన పెడతాం. ప్లీడరు లేచి నా క్లయింటు దారిలో ఉన్నాడంటే మధ్యాహ్నం దాకా ఆగిన జడ్జీలు ఎందరో. రాలేని కారణం చెప్పి ఆ ఒక్క రోజుకు మినహాయింపు అడిగే పిటిషను ఒకటుంది. పాత చట్టంలో 317, ఇప్పుడు 355. నీ కుర్రాడి తరఫున ఆ రోజు ఎవరైనా ఆ పిటిషను వేశారా?

ప్లీడరు: అప్పటి ప్లీడరు నేను కాదు. మొదటి వాయిదాకు వేశారు, రెండోదానికి ఎవరూ వెయ్యలేదు.

సిరస్తాదారు: అదీ సంగతి. ఆ రోజు సాక్ష్యానికి వచ్చినవాళ్ల సంగతి ఎవరికైనా పట్టిందా? కొట్లాట కేసంటే గాయపడినవాడు ఒకడుంటాడు. కూలి వదులుకుని బస్సెక్కి వస్తాడు. వైద్యం చేసిన డాక్టరు ఓపీ మానుకుని వస్తాడు. ముద్దాయి లేడు కాబట్టి సాక్ష్యం జరగదు, అందరూ వెనక్కి. మూడోసారికి ఆ గాయపడినవాడే రాడు. కేసు కొట్టేస్తారు. వాయిదా ఎగ్గొట్టడం ఎంత లాభమో ముద్దాయిలకు బాగా తెలుసు తల్లీ.

ప్లీడరు: ఎగ్గొట్టేవాడు ఉన్నాడు, కాదనను. కానీ ఎగ్గొట్టినవాడికీ చిక్కుకుపోయినవాడికీ ఒకే మందు వేస్తే ఎలా? 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు వారంట్ల గురించే చెప్పింది. ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారంటు, మనిషి కావాలనే తప్పించుకుంటున్నాడనిపిస్తే అప్పుడు నాన్ బెయిలబుల్ వారంటు. అరెస్టుకే అన్ని మెట్లుంటే, నేరంతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి జేబులో చెయ్యి పెట్టడానికి ఒక్క మెట్టు చాలా?

సిరస్తాదారు: ఆ మూడో మనిషి ఊరికే మూడో మనిషి కాడు. స్టేషన్‌కు వారంటు వెళుతుంది, ఇంటికి తాళం ఉందని తిరిగొస్తుంది. కుర్రాడు ఏ మేస్త్రీ దగ్గర ఉన్నాడో, ఏ నంబరు వాడుతున్నాడో కానిస్టేబులుకు తెలియదు. మావయ్యకు తెలుస్తుంది. జామీను అడిగేదే అందుకు. ఆ నోటీసు వెళ్లిన వారంలో మాయమైన ముద్దాయి కోర్టు గుమ్మంలో నిలబడటం నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో. వారంటు చెయ్యలేని పని ఆ నోటీసు చేస్తుంది.

ప్లీడరు: అందుకే నోటీసు మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా నోటీసు లేకుండానో, దానికి ఇచ్చిన జవాబు చదవకుండానో కట్టమనే ఉత్తర్వు మీద. గులాం మెహ్దీ కేసులో, రాజస్థాన్ నుంచి వచ్చింది, 1960లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎవరి మీదైనా జరిమానా వెయ్యాలంటే చట్టం చెప్పిన పద్ధతి పాటించాలి, ఎందుకు కట్టకూడదో చెప్పుకోవడానికి జామీనుదారుకు అవకాశం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఉత్తర్వు నిలవదు.

సిరస్తాదారు: అందులో నీతో నాకు తగాదా లేదు. బాండు జప్తు అయిందని రాసిన రోజునే డబ్బు కట్టమని రాసిన ఉత్తర్వులు అప్పీళ్లలో ఎగిరిపోవడం నేనూ చూశాను. జడ్జి గారి ముందు ఫైలు పెట్టేటప్పుడు నోటీసు అందినట్టు ఎకనాలెడ్జిమెంటు ఉందా లేదా అని రెండుసార్లు చూసేవాణ్ణి. కానీ నోటీసు అందాక వచ్చే జవాబులు చూశావా? అందరివీ ఒకేలా ఉంటాయి. ముద్దాయికి జ్వరం, జామీనుదారుకు తెలియదు, దయ చూపండి. అంతకుమించి ఉండదు.

ప్లీడరు: జ్వరం నిజమైతే?

సిరస్తాదారు: నిజమైతే ఆసుపత్రి చీటీ ఉంటుంది. తారీఖు ఉంటుంది. వాయిదా తారీఖుతో అది కలుస్తుంది. తగిన కారణం అంటే చట్టం ఉద్దేశం అదే. మనిషి చనిపోతే ఇక అడిగేదేముంది? ఆసుపత్రిలో పడి ఉంటే చెల్లుతుంది. వేరే కేసులో పోలీసులు పట్టుకుపోయి ఇంకో జైల్లో పెడితే, అక్కణ్ణుంచి పి.టి. వారంటు మీద తెప్పించుకోవాల్సింది కోర్టే. జామీనుదారు జైలు గోడ దూకి తీసుకురాలేడుగా.

ప్లీడరు: అమెరికాలో సరిగ్గా దాని మీదే 1872లో పెద్ద తీర్పు వచ్చింది, టేలర్ వర్సెస్ టెయింటర్. కనెక్టికట్‌లో బెయిలు తీసుకున్న ముద్దాయి న్యూయార్కు వెళ్లాడు. అక్కడ అతన్ని పట్టుకుని ఇంకో కేసు కోసం మెయిన్ రాష్ట్రానికి అప్పగించారు. కనెక్టికట్ వాయిదాకు రాలేకపోయాడు. బాండు సొమ్ము కట్టాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రం దాటి పోనిచ్చింది మీరే కదా అని జామీనుదారుల్నే తప్పుపట్టింది. మన దగ్గర అంత కఠినంగా చూడకూడదు.

సిరస్తాదారు: చూడరు కూడా. కానీ ఆ తీర్పులోని అసలు మాట మనకూ వర్తిస్తుంది. మనిషిని ఎక్కడికి పోనిస్తున్నావో చూసుకోవడం జామీనుదారు పని. నీ మావయ్య మేనల్లుణ్ణి హైదరాబాదు రైలెక్కించి వాయిదా తారీఖు గుర్తు చేశాడా? అది తేల్చు ముందు.

ప్లీడరు: గుర్తు చెయ్యడానికి తారీఖు ఆయనకెవరు చెప్పారు? వాయిదా పడ్డప్పుడు ముద్దాయికీ ప్లీడరుకూ చెబుతారు, జామీనుదారుకు కాదు. ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. చీరాల ప్రకాశం జిల్లా నుంచి, రేపల్లె గుంటూరు జిల్లా నుంచి ఇందులోకి వచ్చాయి. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఇప్పటికీ మా క్లయింట్లు ఏ కేసు ఏ ఊరి కోర్టులో ఉందని ఫోన్ చేసి అడుగుతుంటారు. కేసు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు మారితే పాత కోర్టుకు వెళ్లి కూర్చునేవాళ్లూ ఉన్నారు.

సిరస్తాదారు: చట్టంలో దానికీ జవాబుంది. 446 కింద వివరణ రాశారు. ఒక కోర్టు ముందు హాజరవుతానని రాసిచ్చిన బాండు, కేసు తర్వాత ఏ కోర్టుకు బదిలీ అయినా ఆ కోర్టుకూ వర్తిస్తుంది. కోర్టు మారింది, బాండు చెల్లదు అనే వాదన అక్కడితో సరి.

ప్లీడరు: బాండు చెల్లుతుంది, సరే. కానీ పాత కోర్టు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్న మనిషి పారిపోయినట్టా?

సిరస్తాదారు: కాదు. అది తగిన కారణమే. అలాంటివాడి మీద నేను గట్టిగా రాయించను. నా కోపం వేరేవాళ్ల మీద.

ప్లీడరు: దొంగ జామీన్ల మీద.

సిరస్తాదారు: అవును. ఒకే ఇంటి పన్ను రసీదు మూడు కోర్టుల్లో తిరుగుతుంది. రోజుకు ఇంత అని తీసుకుని, ముద్దాయి ముఖం కూడా ఎరగనివాడు వచ్చి మా బావమరిది అంటాడు. తీరా నోటీసు వెళితే ఆ ఇంటి నంబరులో ఆ పేరుగలవాడే ఉండడు. అందుకే 2005 సవరణలో 441ఎ చేర్చారు, ఇప్పుడు 486. ఎంతమందికి జామీను ఉన్నాడో వాడే రాసివ్వాలి. డబ్బు తీసుకుని జామీను ఉండే ఒప్పందాలు చెల్లవని మన కోర్టులు పందొమ్మిదో శతాబ్దం నుంచీ చెబుతూనే ఉన్నాయి. అయినా ఆ వ్యాపారం ఆగిందా? జప్తు భయం కూడా లేకపోతే అది ఎక్కడ ఆగుతుంది చెప్పు?

ప్లీడరు: ఆ వ్యాపారం ఎందుకు పుట్టిందో కూడా చెప్పుకోవాలి బాబాయ్. ఆస్తి ఉన్నవాణ్ణే తెమ్మని, అదీ ఈ ఊరివాణ్ణే తెమ్మని పట్టుబడితే లేనివాడు కొనుక్కుంటాడు. 1978లో మోతీరామ్ కేసు అదే కదా. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీని రూ.10,000 జామీను అడిగారు. తెచ్చిన జామీనుదారు ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరగ్గొట్టారు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి రూ.1,000 సొంత బాండు మీద వదిలిపెట్టమన్నారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. స్థానిక జామీనే కావాలన్న షరతు వల్లే విడుదలలు ఆలస్యమవుతున్నాయి, అది వద్దు. నెల దాటినా జామీను పెట్టలేకపోతే కోర్టే ఆ షరతును సడలించే సంగతి చూడవచ్చు. 2024లో గిరీశ్ గాంధీ కేసు. పదమూడు కేసుల్లో బెయిలొచ్చింది, అన్నిటికీ విడివిడిగా జామీన్లు దొరక్క మనిషి లోపలే ఉన్నాడు. ఒకే జామీనుదారులు ఒకటికి మించిన కేసులకు ఉండొచ్చని అనుమతించారు. జామీను నిలబడే మనిషి దొరకడమే ఎంత కష్టమో సుప్రీంకోర్టుకు తెలిసింది. దొరికిన ఒక్కణ్ణీ ఇలా పీడిస్తే రేపు జాండ్రపేటలో ఎవరు ముందుకొస్తారు?

సిరస్తాదారు: ఇప్పుడు నా మాట విను. నువ్వు చెప్పిన తీర్పులన్నీ బెయిలు ఇచ్చే చోటివి. అక్కడ ఉదారంగా ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. మన రాష్ట్రం నుంచే వెళ్లిన గుడికంటి నరసింహులు కేసు ఉంది, 1977 డిసెంబరు. కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది. అప్పీలు తేలేదాకా బెయిలు ఇచ్చింది అదే కృష్ణయ్యర్ గారు. ఆయన లెక్కలోకి తీసుకున్నవాటిలో ఒకటి చూడు. అంతకుముందు బెయిల్లో ఉన్నన్నాళ్లూ వాళ్లు దాన్ని దుర్వినియోగం చెయ్యలేదన్నది. అంటే వాయిదాకు వచ్చినవాడి నడవడే తర్వాతివాడికి బెయిలు తెచ్చిపెడుతుంది. వచ్చినా రాకపోయినా ఒకటే అన్నావనుకో, రేపు జడ్జి గారు ఏం చేస్తారు? ఒక జామీను అడిగేచోట ఇద్దర్ని అడుగుతారు. ఇరవై వేలు అడిగేచోట యాభై అడుగుతారు. నువ్వు ఈ మావయ్యకు ఇప్పించే మినహాయింపు ఖరీదు ఇంకో మావయ్య కడతాడు.

ప్లీడరు: ఈ మాటకు నా దగ్గర చప్పున జవాబు లేదు. కానీ బాండు మొత్తం అతిగా ఉండకూడదని చట్టమే చెబుతోంది, పాత 440, ఇప్పటి 484. జడ్జి భయపడి పెంచితే అదీ తప్పే. ఇంకోటి, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికి వేరే తాళ్లు లేవా? బాండు జప్తయితే బెయిలు బాండూ రద్దవుతుంది, 446ఎ ప్రకారం, ఇప్పుడు 492. తగిన కారణం చూపకపోతే ఇక సొంత పూచీ మీద మాత్రమే బయటికి రాలేడు. పైగా హాజరు కాకపోవడమే విడిగా నేరం. 2005 సవరణలో ఐపీసీకి 229ఎ చేర్చారు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 269. ఏడాది దాకా జైలు. ఇన్ని ఉండగా మొదటి దెబ్బ మావయ్యకా?

సిరస్తాదారు: మొదటి దెబ్బ, చివరి దెబ్బ అని వరస లేదమ్మా. ముద్దాయి బాండు వేరు, జామీనుదారు బాండు వేరు. 1979లో రామ్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయి తన బాండు రాసివ్వకపోయినా సరే, జామీనుదారు రాసిచ్చింది ఆయన్ని కట్టేస్తుంది. ముందు వాణ్ణి పట్టుకోండి, తర్వాత నా దగ్గరికి రండి అనడానికి ఆయనకు హక్కు లేదు.

ప్లీడరు: హక్కు లేదు, సరే. కానీ ఎంత వసూలు చెయ్యాలన్న దానిలో కోర్టుకు చెయ్యి ఆడుతుంది. అదే సెక్షను మూడో సబ్‌సెక్షను. కారణాలు రాసి, ఎంతో కొంత మినహాయించి మిగతా మాత్రమే కట్టించవచ్చు. నేను అడుగుతున్నది అదే. కుర్రాణ్ణి మావయ్య చేత నేనే రప్పించాను. వారంటు రీకాల్ చేయించుకుని రేపటి వాయిదాకు వస్తున్నాడు. సాక్షులకు పోయిన రోజులు రెండు. దానికి ఇరవై వేలా? రెండు వేలు, మూడు వేలు చాలవా?

సిరస్తాదారు: ఆ సబ్‌సెక్షను చరిత్ర కూడా చెప్పు మరి. ముందు అక్కడ కోర్టు తన ఇష్టానుసారం అని ఉండేది. 2005లో అది తీసేసి, కారణాలు రాసి అని పెట్టారు. ఎందుకు? జాలిపడి కొట్టేసే ఉత్తర్వులు ఎక్కువైనందుకే అనుకుంటాను. మినహాయింపు అడిగేవాడు కారణం తేవాలి. ముద్దాయి తిరిగొచ్చాడు, అది కారణమే. తనంతట తానొచ్చాడా, పోలీసులు ఈడ్చుకొచ్చారా? అదీ చూడాలి. జామీనుదారు పరిగెత్తి వెతికాడా, నోటీసు వచ్చేదాకా ఇంట్లో కూర్చున్నాడా? అదీ చూడాలి. అన్నిటికీ జవాబు ఉంటే తగ్గించమని నేనూ అంటాను. ఉత్తినే పేదవాడండీ అంటే మాత్రం ఒప్పుకోను.

ప్లీడరు: పేదరికం కూడా లెక్కలోకి రావాలి బాబాయ్. కట్టలేకపోతే ఏమవుతుంది? జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేస్తారు, ఉన్నది జప్తు చేస్తారు. అదీ కుదరకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు. 1980లో చేర్చిన నిబంధన. ఉన్నవాడికి ఇరవై వేలు పోతాయి, అంతే. లేనివాడికి ఆరు నెలలు పోతాయి. కొట్టినవాడు బయట, జామీను ఉన్నవాడు లోపల! ఇది ఏ న్యాయం?

సిరస్తాదారు: ఆ జైలు దాకా వెళ్లిన కేసులు తక్కువే.

ప్లీడరు: తక్కువైనా, ఆ భయంతో మగ్గం తాకట్టు పెట్టేవాళ్లు తక్కువా?

సిరస్తాదారు: సరే, ఈ ఒక్కచోట నువ్వు గెలిచావు. కట్టలేనివాణ్ణి జైలుకు పంపే ముందు కోర్టు మొత్తాన్ని తగ్గించి చూడాలి. వాయిదాల మీద కట్టనివ్వాలి. కట్టగలిగి కట్టనివాడికే ఆ జైలు. కానీ నువ్వు మరిచిపోతున్న దారి ఒకటుంది. 444 సెక్షను, ఇప్పటి 489. జామీను నిలబడ్డవాడు ఎప్పుడైనా సరే, నా వల్ల కాదు, నన్ను విడుదల చెయ్యండని మెజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ముద్దాయిని వారంటు మీద రప్పిస్తుంది, బాండు రద్దు చేస్తుంది, ఇంకో జామీను తెచ్చుకోమంటుంది. తేలేకపోతే లోపలికి పంపుతుంది. నీ మావయ్య మొదటి వాయిదా తప్పిన రోజునే ఆ అర్జీ పెట్టుంటే ఈ నోటీసు వచ్చేదే కాదు.

ప్లీడరు: ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? బోనులో మూడు ప్రశ్నలు అడిగే కోర్టు ఈ నాలుగో మాట చెబుతుందా?

సిరస్తాదారు: చెప్పదు. చెప్పాలి. నా బల్ల మీదైనా ఒక కాగితం అంటించి ఉండాల్సింది.

ప్లీడరు: పైగా ఎన్నేళ్లని ఒక మనిషి జామీను ఉంటాడు? చుండూరు తీసుకోండి, మన జిల్లాలోనే. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. సాక్షులకు దూరాభారం లేకుండా ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. తీర్పు 2007 జులై 31న. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కింది కోర్టు తీర్పుకే పదహారేళ్లు. అన్నేళ్లు బాండు మెడలో వేసుకుని బతకమంటే ఎవరికి సాధ్యం?

సిరస్తాదారు: చుండూరు చెప్పావు కాబట్టి అవతలి వైపు కూడా చూడు. అక్కడ చచ్చినవాళ్ల తాలూకు మనుషులు పదహారేళ్లు ఎదురుచూశారు. అలాంటి కేసులో ముద్దాయి ఒక్క వాయిదా తప్పినా వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. జప్తు అధికారం వాళ్ల కోసం కూడా ఉందమ్మా. హాజరు అనేది ముద్దాయి కోర్టుకు చేసే దయ కాదు, బాధితుడికి పడ్డ బాకీ. అయితే ఇంకో మాట ఒప్పుకుంటాను. కోర్టునే ఊళ్లోకి తెచ్చారు చూడు, అది ఏ జప్తు నోటీసూ చెయ్యలేని పని. కోర్టు దగ్గరైతే మనుషులు వస్తారు.

ప్లీడరు: ఇంకొంచెం ముందుకెళ్లి చూద్దాం. అసలు డబ్బు బాండే లేకపోతే? అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుంచి డబ్బు కట్టించుకుని వదిలే పద్ధతి పూర్తిగా తీసేసింది. ప్రమాదం ఉన్నవాణ్ణి విచారించి లోపల ఉంచుతారు. లేనివాణ్ణి షరతుల మీద వదులుతారు. డబ్బు ఊసే లేదు. కోర్టు నుంచి తెలుగులో ముందురోజు ఒక మెసేజ్, ముద్దాయికీ జామీనుదారుకూ ఇద్దరికీ, పంపితే మన వాయిదాల్లో ఎన్ని నిలబడతాయో!

సిరస్తాదారు: మెసేజ్ పంపాలి, పంపమనే అంటాను. డబ్బు బాండు తీసేస్తే మాత్రం నీ మావయ్యే నష్టపోతాడు. ఇవాళ ఇంటి పన్ను రసీదు చూపించి మేనల్లుణ్ణి తెచ్చుకున్నాడు. అది కుదరదంటే, ప్రమాదం ఉందో లేదో పోలీసు రిపోర్టు చెబుతుంది. ఆ రిపోర్టు ఎవరి మాట వింటుందో నీకు నేను చెప్పాలా?

ప్లీడరు: దానికి నా దగ్గర జవాబుంది, కానీ రేపటి కౌంటరు ముందు రాయాలి. చెప్పండి, మీరే బెంచి మీద ఉంటే ఏం రాయిస్తారు?

సిరస్తాదారు: కుర్రాడు రేపు తనంతట తాను వచ్చి, మొదటి వాయిదాకు పిటిషను వేసినట్టు, రెండోదానికి ఎక్కడున్నాడో మేస్త్రీ కాగితంతో చూపిస్తే, మావయ్య నోటీసు అందగానే వాణ్ణి రప్పించాడని నువ్వు అఫిడవిట్ వేస్తే, ఐదు వేలు కట్టించమని రాయిస్తాను. మిగతా పదిహేను వేలు కారణాలు రాసి మినహాయింపు. సున్నా మాత్రం రాయించను.

ప్లీడరు: నేను వెయ్యి అడుగుతాను. ఐదు వేలు రాస్తే, మెజిస్ట్రేటు ఉత్తర్వు మీద సెషన్స్ జడ్జికి అప్పీలు ఉంది, 449, ఇప్పుడు 495.

సిరస్తాదారు: వేసుకో. అందుకే ఆ సెక్షను పెట్టారు.

ఈ ఇద్దరి మధ్య మిగిలిన తేడా వెయ్యికీ ఐదు వేలకూ మధ్యనే. అంతకుముందున్న మెట్ల మీద ఇద్దరిదీ ఒకే మాట. వాయిదా తప్పడంతో విచారణ మొదలవుతుంది, అక్కడితో తేలిపోదు. కోర్టు ఆధారాలు రాయాలి, నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, ఎంత కట్టించాలో కారణంతో చెప్పాలి. ఇందులో ఏ మెట్టు తప్పినా ఆ ఉత్తర్వు అప్పీలులో నిలవడం కష్టం. 2024 జులైకి ముందు మొదలై ఇంకా నడుస్తున్న కేసు అయితే నోటీసు మీద 446 అని, తర్వాతిదైతే 491 అని ఉండవచ్చు. రెండిట్లోనూ జామీనుదారు హక్కులు ఇవే.

ఎవరికైనా జామీను నిలబడబోతుంటే బాండు కాపీ ఒకటి అడిగి ఇంట్లో ఉంచుకోండి. ప్రతి వాయిదా తారీఖూ ముద్దాయిని కాకుండా ప్లీడరు గుమాస్తాను అడిగి రాసుకోండి. ముద్దాయి ఊరు వదిలి పనికి పోతుంటే కొత్త నంబరు తీసుకోండి. వాడి మీద నమ్మకం పోయిన రోజునే 489 కింద అర్జీ పెట్టుకోండి. నోటీసు వస్తే దాచిపెట్టకుండా ఆ తారీఖుకు కోర్టుకు వెళ్లి జవాబు చెప్పండి. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేకపోతే మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లి అడగండి.